దొరసానికి పలకలు వినిపించనంత దూరం

మా చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను మదనపల్లె బస్టాండులో టీ తాగుతున్నాను. చిన్నమ్మ ఏడవలేదు. తెల్లారి గుర్రానికి ఉలవలు పెట్టడానికి లేచి, కొట్టంలోనే కూలబడిపోయాడని మాత్రం చెప్పింది. నాయన లేని నాకు నాయనగా నిలబడిన మనిషి. సగం టీ అక్కడే వదిలేసి పుంగనూరు బస్సెక్కాను.

దారి పొడుగునా చెనిక్కాయ చెట్లు పెరికి కుప్పలేసి ఉన్నారు. వానలు వెనకబట్టి, పొద్దున పూట మంచు మొదలైంది. లోకానికి ఇది చల్లటి కాలం, పండగల కాలం. ఆయనకు మాత్రం ఈ కాలం వస్తోందంటేనే దిగులు.

ఆయనది పెద్దపంజాణి దారిలో ఒక చిన్న పల్లె. కాస్త టమోటా చేను, రెండు కుక్కలు, ఒక ముసలి పిల్లి, ఒక తెల్ల ఆడగుర్రం. నాకు పిల్లను చూసొస్తానని కుప్పం పోయి గుర్రంతో తిరిగొచ్చాడు. పిల్ల కూడా కుదిరింది లెండి, అది వేరే సంగతి. అక్కడ ఎవరిదో పెళ్లిలో ఆ గుర్రం పలక డప్పుల మోతకు ఆడుతుంటే చూశాడట. ఆట అయ్యాక దగ్గరికి పోతే కాళ్ల నిండా కట్టె దెబ్బలు. దానికి ఆట నేర్పింది అట్లాగే. పలక మోగితే కాలు లేవాలి, లేవకపోతే దెబ్బ. చూసి ఊరుకోలేక, ఇంట్లో పాడి ఆవును అమ్మి దాన్ని కొన్నాడు. చిన్నమ్మ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఈ దొరసానికి సేవలు ఎవరు చేస్తారని ఆమె విసుక్కున్న మాటే చివరికి దానికి పేరైంది. సేవలు మాత్రం ఇద్దరూ చేశారు.

ఉలవలు ఉడికాక, వేడి తగ్గిందా లేదా అని అరచేతిలో నలిపి చూసిగానీ పెట్టేవాడు కాదు. ఉడికించిన ఆ నీళ్లే ఇంట్లో చారు. దొరసాని తిన్నాకే మాకు అని చుట్టాలతో చెప్పి నవ్వేవాడు. చలి మొదలయ్యేసరికి గోనెపట్టలు కుట్టి దాని వీపున కప్పేవాడు. పిల్లి ఆ పట్ట మీదికెక్కి పడుకునేది. తన దుప్పటి చిరిగితే మాత్రం ఆయనకు సూదీ దారం దొరికేవి కాదు. దొరసాని మీద ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు, తానూ ఎక్కలేదు.

"గుర్రాన్ని పెట్టుకోని నడస్తాండావు యాలప్పా?" అని ఊళ్లో ఎగతాళి చేస్తే, "దాని వంతు అయిపోయిండాది. ఇంక మన వంతు" అనేవాడు.

పలకలొక్కటే ఆయనకు గండం. ఎక్కడ మోగినా దొరసాని ముందరికాలు లేచేది. మేత నోట్లో ఉన్నా సరే, ఒళ్లంతా చెమట పట్టి ఆడేది. వినాయక చవితి నుంచి దసరా దాకా మా పల్లెల్లో పలకలకు తీరిక ఉండదు. ఊరేగింపో మెరవణో ఉందని తెలిస్తే చాలు, దాన్ని పట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని గుట్ట అవతలి చేనికి పోయేవాడు. "మరిసేదానికి టైమియ్యాలప్పా. వచ్చే యేటికి మరిసిపోతాదిలే" అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట. నా పెళ్లి మెరవణిలో కూడా ఆయన లేడు. నాకు కోపం వచ్చింది. తెల్లారి కాళ్ల నిండా దుమ్ముతో వచ్చి, నా తల నిమిరి, ఉలవలు నానేసుకోవడానికి పోయాడు.

నేను పోయేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పక్కన గడ్డిమంట వేసి పలకలు కాచుకుంటున్నారు. పలకలు లేకుండా శవాన్ని ఎత్తడం మా వైపు లేదు, ఆపమని అడగడానికి ఎవరికీ నోరు రాదు. నేను స్నానం చేసి పాడె పట్టడానికి వస్తే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మోసేదానికి ఊరంతా ఉండాది. దాన్ని నువ్వు తోలుకోని పో అప్పా. మనిద్దరం తప్ప ఇంకెవురు పట్టినా రాదు. మీ సిన్నాయన్ను ఇడిసిపెట్టి నేనెట్ల పోయేది?"

నన్ను భుజాన మోసిన మనిషికి భుజం పట్టాలని నాకెంత ఉందో ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. ఆయన కాళ్లకు మొక్కి, ఏడ్చుకుంటూ పెరటి దారిన దొరసానిని పట్టుకుని బయల్దేరాను. కుక్కలు వెంట వచ్చాయి.

గుట్ట దాటి చేనులో నిలబడ్డాం. గాలి తప్ప నాకేమీ వినిపించలేదు. ఇంత దూరం వచ్చాం, ఇంక భయం లేదనుకున్నాను. అంతలో దొరసాని చెవులు ఊరివైపు తిరిగాయి. ముందరికాలు మెల్లగా లేచింది, దిగింది, మళ్లీ లేచింది. మెడ పట్టుకుని వద్దమ్మా, వద్దమ్మా అంటూనే ఉన్నాను. దాని చెమటతో నా చొక్కా తడిసింది. మధ్యలో ఒకసారి కాలు ఆగింది. దింపుడు కళ్లం దగ్గర పలకలు ఆపి, పాడె దించి, ఆయన చెవిలో పేరు పెట్టి పిలుస్తుంటారు. నేను కూడా ఇక్కడి నుంచే చిన్నాయనా అని పిలిచాను. కాలు మళ్లీ లేచింది.

చాలాసేపటికి ఆ కాలు నేలకు ఆనింది. ఇంకోసారి లేస్తుందేమోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను. లేవలేదు. మా చిన్నాయనను మట్టిలోకి దించారని నాకు అట్లా తెలిసింది.