టీకా పట్టాలని బాబా బిళ్ళలు ఆపాను

మొన్న నేను చేసిన నిర్వాకం వినండి. మా ఇంటి పెద్దాయన్ని ఆసుపత్రి మంచం ఎక్కించాను! అదీ ఆయన బాగు కోరే. నవ్వకండే, ముందు వినండి. నూకరత్నం వదినా, టీ ఇంకాస్త పొయ్యి.

నేను పనిచేసేది అరబ్బుల ఇంట్లో, అరాద్‌లో కదా. ఇంటాయన్ని బాబా అంటాం, ఇంటావిడ్ని మామా అంటాం. బాబాకి రెండు కిడ్నీలూ పాడైతే, మామా తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అప్పట్నుంచీ ఆయన పొద్దున్నా సాయంత్రం బిళ్ళలు మింగాల్సిందే.

చలి మొదలైందని ఆయనకి ఫ్లూ టీకా వేయించడానికి హెల్త్ సెంటర్‌కి వెళ్ళాం. మలయాళీ నర్సు. నేను ఊరికే ఉండొచ్చుగా? "సిస్టర్, ఇంక బాబాకి జొరం రాదా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను.

"చెప్పలేం. ఆయన వాడే బిళ్ళల వల్ల టీకా సరిగ్గా పట్టకపోవచ్చు. అందుకని..." అంటోంది.

ఈలోగా బయట్నుంచి మామా "లక్ష్మీ, యల్లా, తొందరగా రా!" అని కేకేసింది. ఆ 'అందుకని' అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఇంకో రెండు ముక్కలు విని కదిలితే నా సొమ్మేం పోయేది?

మర్నాడు మామా, చెల్లెలి కూతురి పురిటికని గలాలీ బయల్దేరింది. బిళ్ళల డబ్బా నా చేతిలో పెట్టి, "టైముకి వెయ్యి. నిన్ను నమ్మి వెళ్తున్నా" అంది.

అప్పుడు పనిచేసింది నా బుర్ర, చెయ్యక చెయ్యక! ఎరువు చల్లిన రోజు చేలోంచి నీళ్ళు బయటికి పోనిస్తామా? గట్టు కట్టేస్తాం. ఇదీ అంతేగా! టీకా ఒంటికి పట్టేదాకా రెండ్రోజులు బిళ్ళలు ఆపితే సరి అనుకున్నాను.

సాయంత్రం బాబా అడిగారు, "లక్ష్మీ, దవా?"

"ఖలాస్ బాబా!" అన్నాను, అయిపోయిందన్నట్టు. ఆయన మతిమరుపు మనిషి. వేసేసుకున్నానేమో అనుకుని ఊరుకున్నారు. అలా నాలుగు పూటలు! మధ్యలో మామా ఫోన్ చేసి, "మందులు సరిగ్గా చూస్తున్నావా?" అంటే, "అన్నీ నేను చూసుకుంటున్నాగా మామా" అన్నాను. ఇందులో అబద్ధమేముందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

మూడోరోజు ఆవిడ గుమ్మంలోకి రాగానే, మిగిలిన బిళ్ళలన్నీ అరచేతిలో పోసి చూపించాను, పదో తరగతి ఫస్టున పాసైనదానిలా. "మామా, ఒక్కటీ వెయ్యలేదు! ఇంక టీకా బ్రహ్మాండంగా పడుతుంది!"

ఆవిడ తిట్టలేదే. తిట్టినా బాగుండేది. నడుం పక్కన, కిడ్నీ తీసిన చోట చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడింది. 

ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు మన ఇండియా ఆయనే. రక్తం తీయించి, నన్ను పక్కకి పిలిచి హిందీలో చెప్పారు. "రోగాలతో కలబడే శక్తి ఒంట్లో ఉంటుంది కదమ్మా, అది కొత్త కిడ్నీని కూడా పరాయిదనుకుని పాడుచేస్తుంది. దాన్ని అణిచి ఉంచడానికే ఈ బిళ్ళలు. అణిగి ఉంది కాబట్టే టీకా కూడా సరిగ్గా పట్టదు. అలాగని బిళ్ళలు ఆపేస్తారా? ఒక్క పూట కూడా ఆపకూడదు. చుట్టూ ఉన్న మీరంతా టీకా వేయించుకుని, ఆయనకి జ్వరం అంటించకుండా ఉండాలి."

అదన్నమాట నర్సు చెప్పబోయింది!

రక్తంలో తేడా కనిపించింది. కిడ్నీకి దెబ్బ తగలడం మొదలైందన్నారు. మందులు ఎక్కించారు. ఆ మూడ్రోజులూ నాకు ముద్ద దిగితే ఒట్టు. ఆవిడ ఒళ్ళు కోయించుకుని ఇచ్చింది, నేను తెలివి ఉపయోగించి పాడుచేశాను! ఎలాగూ టికెట్ కొని పంపించేస్తారని, కొత్త టేపురికార్డరుతో సహా పెట్టె సర్దేసుకున్నాను.

నాలుగోరోజుకి కుదుటపడింది. బాబా ఇంటికొచ్చారు. నన్ను పంపెయ్యలేదు. నేను సర్దిన పెట్టె చూసి మామా, "ఇదేంటి? బట్టలు తీసి బీరువాలో పెట్టుకో" అంది, అంతే. కానీ బిళ్ళల డబ్బా మాత్రం తన గదిలో పెట్టుకుంది. నా కంట పడనివ్వదు. రెండేళ్ళుగా ఇల్లంతా నా చేతిలో పెట్టిన మనిషి! అదే గుచ్చుతోంది వదినా.

నిన్న మా అందరికీ టీకాలు వెయ్యడానికి ఇంటికే ఓ నర్సొచ్చింది. నా వంతొచ్చింది. జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్నాను. "నువ్వేమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి బాబా అందుకున్నారు. "తను వాడదు. ఆపుతుంది!"

ఇల్లంతా ఘొల్లుమంది. మామా కూడా నవ్వింది, ఇన్నాళ్ళకి! నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు, బొటబొటా కన్నీళ్ళొచ్చాయి.

నర్సు కంగారుపడిపోయి, "ఇంకా సూది గుచ్చనే లేదమ్మా!" అంది.