పారబోయమన్న ఉలవచారు

ఉదయం ఆరూ నలభైకి విజయవాడలో దిగాం. రెండు ట్రక్కులు, నాలుగు రబ్బరు పడవలు, నలభై ఇద్దరం మనుషులం. వాన ఆగి రెండు గంటలయింది. ట్రక్కు ఆగిన చోట నీళ్ళు మోకాలి లోతు. వంద గజాలు ముందుకెళితే నడుము లోతు. ఆ తర్వాత మనిషి మునిగేంత. కృష్ణ తన గట్ల మధ్యే ఉంది. ఊరి పక్కన పారే వాగుకు గండ్లు పడి కాలనీలు మునిగాయి.

మా దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నాది నాగాయలంక అవతల సముద్రం పక్క పల్లె. మా ఇంట్లో అందరూ వల పట్టినవాళ్ళే. నేను సైన్యంలో చేరి గరిటె పట్టాను. పదహారేళ్ళు వంటవాణ్ణి. ఈ మాట చెప్పగానే మీలో కొందరి ముఖాల్లోకి ఒక నవ్వు వస్తుంది. "అంటే తుపాకీ పట్టలేదాండీ?" అని అడుగుతారు. పట్టాను. కానీ నేను చెప్పబోయే అయిదు రోజుల్లో తుపాకీతో ఎవరి కడుపూ నిండే పని లేదు.

మా దళానికి పెద్ద సుబేదార్ సాబ్. ట్రక్కు బానెట్ మీద మ్యాపు పరిచి హిందీలో ఆర్డరు ఇచ్చారు.

"మూడంతస్తుల స్కూలు. కింది అంతస్తు నీళ్ళలో ఉంది. పైన మూడు వందల పది మంది. రెండు పూటలా తిండి. వంట అక్కడే. ఏమైనా అడగాలా?"

"లేదు సాబ్."

అడగాల్సింది, అడగలేదు. రేషన్ విప్పాక తెలిసింది. పన్నెండు బియ్యం బస్తాలు రావాల్సింది, దారిలో తొమ్మిది తడిసి పులిసిపోయాయి. కందిపప్పు అసలు ఎక్కించనే లేదు. పొడిగా ఉన్నవి రాజ్మా, బొబ్బర్లు, తెల్ల శనగలు. ప్లాస్టిక్ అస్తరు సంచుల్లో ఉన్నాయి కాబట్టి బతికాయి. ఉత్తరాది డిపోలో ఎవరో ఉత్తరాది కడుపుల్ని తలుచుకుని కట్టిన రేషన్ అది. పప్పన్నం లేకపోతే అన్నమే తిననట్టు లెక్కేసుకునే జనానికి వచ్చి చేరింది.

రెండో అంతస్తు వరండాలో పొయ్యిలు పెట్టాను. రెండు గ్యాస్ భట్టీలు, ఇరవై లీటర్ల ప్రెషర్ కుక్కర్లు రెండు, అల్యూమినియం గుండిగలు మూడు. మొదటి రోజు సైన్యంలో వండినట్టే రాజ్మా వండాను. ఉల్లిపాయ, టమాటా, మసాలా. సగం పళ్ళాలు అలాగే తిరిగొచ్చాయి.

"ఏంటి బాబూ ఈ ఎర్ర గింజలు? గొంతు దిగట్లేదు," అంది ఒకావిడ.

ఇంకొకాయన పళ్ళెం నా ముందే వరండా పిట్టగోడ మీంచి నీళ్ళలోకి గుమ్మరించాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. పడవ మీద గంటన్నర సేపు బస్తాలు మోసి తెచ్చింది చేపలకు వేయడానికా? ఆయన్ని నాలుగు మాటలన్నాను. ఆయనా నన్ను నాలుగన్నాడు. ఇద్దరం తెలుగులోనే తిట్టుకున్నాం, సుబేదార్ సాబ్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

కాసేపటికి నా మీద నాకే కోపం వచ్చింది. ఈ నేల మీద పుట్టి, ఈ జనం నాలుక తెలిసి, పంజాబు వంట వండి పెట్టాను. తప్పు గింజది కాదు.

రెండో రోజు రాజ్మాను మళ్ళీ మొదలుపెట్టాను. ఎనిమిది గంటలు నానబెట్టి, నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లించి, అప్పుడు కుక్కర్‌లో వేశాను. రాజ్మా సగం ఉడికితే వాంతులు తప్పవు, ఆ మాట ఏ వంటవాడూ మర్చిపోకూడదు. ఉడికాక మూడో వంతు గింజల్ని గరిటెతో మెదిపాను. చింతపండు, బెల్లం, పచ్చిమిర్చి వేసి పులుసు పెట్టాను. చింతపండు నాది కాదు. తమ ఇళ్ళ అటకల మీంచి దించి తెచ్చుకున్న డబ్బాలు జనం దగ్గర ఉన్నాయి. అడిగితే ఇచ్చారు. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, గోంగూర పచ్చడి, అన్నీ బయటికొచ్చాయి. ఇంగువ పోపు వేసేసరికి వరండా చివర ఉన్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. నిన్న గుమ్మరించినాయన పళ్ళెం పట్టుకుని రెండోసారి వచ్చాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. వడ్డించాను.

బొబ్బర్లు నానబెట్టి, సగం కచ్చాపచ్చాగా రుబ్బి, అల్లం, కరివేపాకు కలిపి గారెలు వేశాను. రుబ్బింది ఆడవాళ్ళే, ఎవరో రక్షించి తెచ్చుకున్న మిక్సీ ఉంది గానీ కరెంటు లేదు, స్కూల్లోనే ఉన్న పాత రోట్లో రుబ్బారు. మిగిలిన బొబ్బర్లతో గుగ్గిళ్ళు. శనగలకు గోంగూర పచ్చడి కలిపి కూర. తరువాతి పూట అవే శనగలు మెత్తగా ఉడికించి, మిరియాలు కొట్టి, అన్నంలోకి చారు. మనిషికి ఒక గరిటె అన్నమే. కానీ గింజ మారకపోయినా రుచి మారింది, తిన్నారు. మూడు వందల మంది ఒక్క గింజ వృథా చేయకుండా తిన్నారు. నేను చేసిన ఉద్యోగమంతట్లో నాకు గర్వంగా ఉన్నది ఆ రెండు రోజులే.

తిననిది ఒక్కతే. పేరు శిరీష. పన్నెండు రోజుల బాలింత. ఆడపిల్ల పుట్టింది. పదో తరగతి గదిలో, రెండు బల్లలు కలిపి వేసిన మంచం మీద, బిడ్డతో, తన తల్లితో ఉంది. నేను ఏది పంపినా పళ్ళెం వెనక్కి వచ్చేది.

"వాతం బాబూ," అంది శిరీష తల్లి. "శనగలు, బొబ్బర్లు, ఆ ఎర్రవి, అన్నీ వాతమే. బాలింతకు ఎలా పెడతాను? బిడ్డకు కడుపు నొప్పొస్తుంది."

"మరి ఏం తింటోందమ్మా?"

"నువ్విచ్చే గరిటెడు అన్నంలో కారప్పొడి. అంతే."

నాకు అలాంటి పథ్యాలంటే నమ్మకం లేదు. కానీ వాదించే చోటు కాదది. ఆవిడ నా మాట విని పెట్టదు, ఆ పిల్ల తల్లి మాట దాటి తినదు. బిడ్డ ఏడుపు మాత్రం పొయ్యిల దాకా వినపడుతోంది. శిరీషకు పాలు తగ్గిపోయాయి. పొద్దుటి నుంచి పడటమే లేదంది.

రేడియో ఆపరేటర్‌ను లేపాను. ఉత్తరాది గఢ్వాల్ కుర్రాడు, ముందు రోజు నుంచి నిద్ర లేక అప్పుడే కునుకు తీస్తున్నాడు.

"పాలపొడి డబ్బాలు రెండు కావాలి. బాలింత ఉంది. ఓవర్."

"లిస్టులో పెట్టాం. ఓవర్."

సాయంత్రం మళ్ళీ అడిగాం. లిస్టులో ఉంది. మూడో రోజు తెల్లారగానే అడిగాం. లిస్టులోనే ఉంది. ఆ లిస్టు ఎవరి జేబులో ఉందో గానీ దాన్ని నా చేతికిస్తే ఉడకబెట్టి ఆయనకే పెట్టేవాణ్ణి.

అప్పుడు శిరీష తల్లి ఒక మాటంది.

"ఉలవలైతే పెట్టొచ్చు. నాకు మా అమ్మ ఉలవకట్టే పోసింది. పాలు పడతాయి."

ఉలవలు రేషన్‌లో లేవు. సైన్యంలో ఎవరూ ఉలవలు తినరు. పడవాయన్ని అడిగాను. కొల్లేరు నుంచి సొంత పడవ వేసుకుని వచ్చిన మత్స్యకారుడు ఆయన. నా వరసలోవాడు కాకపోయినా మామా అని పిలిచేవాణ్ణి.

"మామా, ఉలవలెక్కడైనా దొరుకుతాయా?"

"గేదెల షెడ్డు ఉందిరా ఆ చివర. అటక మీద బస్తాలు చూశాను. ఆసామి గేదెల్ని వదిలేసి గట్టు మీద ఉన్నాడు. అడిగొస్తానుండు."

గంటన్నరలో బస్తా తెచ్చాడు. ఆసామి డబ్బు వద్దన్నాడట. పొడిగా, పురుగు లేకుండా, మంచి ఉలవలు. గోనెసంచి మీద నల్ల అక్షరాలతో 'పశువుల దాణా' అని అచ్చేసి ఉంది. నేను చూశాను. ఏమీ అనిపించలేదు. కృష్ణా జిల్లా మనిషికి ఏమనిపిస్తుంది? ఉడికిన గింజ గొడ్డుకు, ఉడికించిన నీళ్ళు, అదే కట్టు, మనకు. మా తాతల నాటి నుంచీ అంతే. ఆ సంచిని దాచి, గింజల్ని ఇంకో బస్తాలోకి మార్చాల్సింది. మార్చలేదు. అది నా తప్పు, ఇవాళ్టికీ ఒప్పుకుంటాను.

నానబెట్టే వ్యవధి లేదు, ఉలవల్ని కడిగి నేరుగా కుక్కర్‌లో గంటన్నర ఉడికించాను. కట్టు వంచి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, చిన్న మంట మీద చిక్కబడేదాకా ఉంచాను. చింతపండు వేయలేదు, బాలింతకు పులుపు వద్దన్నారు. పదకొండు గంటలకు శిరీష తల్లి స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చింది. వాసన చూసింది. గ్లాసు నింపించుకుని తీసుకెళ్ళింది. ఆ రోజు మూడు గ్లాసులు తాగింది శిరీష. మిగిలిన గింజలకు పోపు పెడితే పడవ నడిపేవాళ్ళు తిన్నారు.

నాలుగో రోజు పొద్దున బిడ్డ ఏడుపు వినపడలేదు. భయమేసి వెళ్ళి చూశాను. పాలు తాగి నిద్రపోతోంది.

"పడుతున్నాయన్నా," అంది శిరీష. "రేపు కూడా ఉంటుందా?"

"బస్తా ఉందమ్మా. నేనున్నన్నాళ్ళూ ఉంటుంది."

ఉలవచారు సంగతి స్కూలంతా పాకింది. మాకూ కావాలన్నారు. అయిదో రోజు అందరికీ పెద్ద గుండిగలో పెడతానని మాటిచ్చాను.

నాలుగో రోజు సాయంత్రం అయిదింటికి మంచినీళ్ళ సీసాలు పంచడానికి ఒకాయన పడవలో వచ్చాడు. ఒంటి మీద చొక్కా కూడా తడవలేదు. సీసాలు పంచుతూ ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. నా పొయ్యిల దగ్గర ఆగాడు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. సంచి మీద అక్షరాలు తీశాడు, పక్కన ఉడుకుతున్న గుండిగ తీశాడు, వెళ్ళిపోయాడు. చీకటి పడేలోపు అది ఊరంతా తిరిగింది. వరద బాధితులకు పశువుల దాణా పెడుతున్నారట.

అయిదో రోజు పదీ నలభైకి సహాయ కేంద్రం అధికారి వచ్చాడు. వెంట ఫొటోలు తీసే మనిషి. గుండిగ నిండా చారు మరుగుతోంది. మూడు వందల మందికి.

"ఏమయ్యా, పశువుల దాణా వండటానికి నీకు పర్మిషన్ ఎవరిచ్చారు?"

"ఉలవలండీ. మీదీ ఈ జిల్లాయే కదండీ. మీ ఇంట్లో పెళ్ళికి ఉలవచారు లేకుండా విస్తరి వేశారా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"తింటారని నాకు తెలీదా? కానీ టీవీలో కనపడేది చారు కాదు, సంచి. ఇది పారబోయించాలి. పారబోసినట్టు ఫొటో పైకి పంపాలి. నా పరిస్థితి కూడా అర్థం చేసుకో."

"బాలింత ఉందండీ. దీంతోనే పాలు పడుతున్నాయి. ఆమెకు ఒక గిన్నె తీసి పెట్టుకుంటాను, మిగతాది పారబోయించండి."

"ఒక్క చుక్క కూడా మిగలకూడదు. అది కూడా ఎవడో ఒకడు వీడియో తీస్తాడు."

సుబేదార్ సాబ్‌కు హిందీలో అంతా చెప్పాను. ఆయన రేడియోలో పైవాళ్ళను అడిగారు. జవాబు ఒక్క వాక్యం. సివిల్ అధికారి చెప్పినట్టు చేయండి.

"ఆర్డర్," అన్నారు నా వైపు చూడకుండా.

నేనూ రేడియో ఆపరేటరూ గుండిగ చెవులు పట్టుకుని పిట్టగోడ మీదికి ఎత్తాం. వంచాం.

మధ్యాహ్నం మూడూ ఇరవైకి మా దళం వెనక్కి బయల్దేరింది. మా స్థానంలో పొట్లాలు పంచే ఏర్పాటు చేశారు. పులిహోర పొట్లాలు. ట్రక్కు వారధి దాటి మంగళగిరి వైపు వెళ్ళింది. యూనిట్‌కు వెళ్ళాక అనుమతి లేని సరుకు వాడానని నా పేరు మీద ఒక కాగితం రాశారు. సంతకం పెట్టాను. ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉద్యోగంలో ఉండలేదు.

పడవ మామ ఫోన్ చేశాడు. శిరీషను మర్నాడు పడవలో దాటించి, కూచిపూడిలో వాళ్ళ చుట్టాల ఇంటికి పంపించాడట. బిడ్డ బతికింది. పాలు మాత్రం మళ్ళీ పడలేదట. డబ్బా పాల మీదే పెరుగుతోందని చెప్పాడు.

ఇప్పుడు నాకు గవర్నర్‌పేటలో కర్రీ పాయింట్ ఉంది. రాజ్మా పులుసు చేస్తాను, బొబ్బర గారెలు చేస్తాను, జనం క్యూ కడతారు. ఉలవచారు అడుగుతారు, పైన వెన్న వేసి ఇవ్వమంటారు. చేయనని చెబుతాను. "కృష్ణా జిల్లావాడివై ఉండి ఉలవచారు చేయవేంటండీ?" అంటారు. అన్నవాళ్ళలో ఆ వీడియో చూసి పదిమందికి పంపినవాళ్ళు ఎందరున్నారో నాకెలా తెలుస్తుంది? ఆ మాట అడగాలని నోటిదాకా వస్తుంది. చింతపండు చారు కట్టి ఇచ్చి పంపిస్తాను.

ఆ రోజు గుండిగ వంచినప్పుడు సరిగ్గా పదకొండు. శిరీష తల్లి రోజూ వచ్చే వేళే. స్టీలు గ్లాసుతో వరండాలోకి వచ్చింది. ఏం జరుగుతోందో చూసింది. పరుగున గోడ దగ్గరికి వచ్చి, నడుము దాకా బయటికి వంగి, పడుతున్న ధార కింద గ్లాసు పట్టింది. కాగుతున్న చారు ఆవిడ చేతి మీద, గాజుల మీద పడుతోంది. చెయ్యి తీయలేదు.

"ఆవిడ అడ్డమొస్తోంది," అన్నాడు ఫొటో తీసే మనిషి. "కాస్త పక్కకు జరగమనండి."

ఆవిడ జరగలేదు. గ్లాసు సగం నిండింది.