వాణి పెట్టనన్న సంతకం

వాణిది బేతంచెర్ల. ఇంటర్ అయ్యాక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో లారీ బిల్లులు రాసే పనిలో చేరి, జీఎస్టీ వచ్చిన ఏడాది దాన్ని తానే చదువుకొని నేర్చుకుంది. ఇప్పుడు నంద్యాలలో విత్తనాల అంగడి పైగదిలో చిన్న వ్యాపారుల పన్ను కాగితాలు చూస్తుంది. మా ఆయన ఆళ్లగడ్డలో చిన్న రాతి విగ్రహాలు చెక్కి పోస్టులో విదేశాలకు పంపేవాడు. ఆయన కాగితాలూ ఆమే చూసేది. పనంతా ఫోన్‌లో మెసేజ్‌లతోనే జరిగిపోయేది; నెలనెలా పన్ను లెక్క పెట్టేటప్పుడు ఆయన ఫోన్‌కొచ్చే ఓటీపీయే ఆయన సంతకం.

ఆయన పోయిన నాలుగో నెల, ఏప్రిల్‌లో నేను బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్లాను. మారిషస్‌లో ఒకామె గృహప్రవేశానికని అడిగిన వినాయకుడు ఇంట్లో ఉన్నాడు. ఆయన చేతి చివరి విగ్రహం. ముహూర్తం పదిహేను రోజుల్లో ఉంది. పన్ను లేకుండా బయటి దేశానికి సరుకు పంపాలంటే ఏటా కొత్తగా ఒక హామీ పత్రం పెట్టాలి. అదింకా పెట్టలేదు.

"రా వదినా. అన్న రాలేదా?" అంది వాణి.

నేను ఆమె ఎదుటి కుర్చీలో కూర్చున్నాను.

"మొన్న పదో తేదీ గూడా ఓటీపీ అడిగితే టక్కున పంపినాడే. ముందు పదిసార్లు అడగాల. ఈ మధ్య బాగుపడినాడులే."

"ఆయన డిసెంబర్‌లోనే పోయినాడమ్మా."

పదకొండో రోజు ఆయన చెప్పులు, గొడుగు, దుప్పటితో పాటు ఫోన్‌ను కూడా కర్మ పనులు చేసిపెట్టే మద్దిలేటికి ఇచ్చేశాము. పోయినవాళ్ల వస్తువు ఇంట్లో ఉండకూడదని మా ఆడబిడ్డ పట్టుబట్టింది. సిమ్ తీయాలని ఎవరికీ తోచలేదు.

వాణి ఆ నంబరుకే ఫోన్ చేసింది.

"ఎవురప్పా నువ్వు? ఇన్నాళ్లూ ఓటీపీలు పంపింది నువ్వేనా?"

"మద్దిలేటిని. పంపు అంటివి, అంకెలొస్తే పంపిస్తి. పోయినాయన పని యాడా నిలిచిపోకూడదు గదా. తప్పా పాపా?"

"తప్పు నీది కాదులే. ఇంక పంపొద్దు."

నేను బతిమాలాను. "ఈ ఒక్కసారి అతన్నే ఓటీపీ అడిగి పత్రం పెట్టేయమ్మా. వినాయకుడు పోతే చాలు."

"నాలుగు నెలలు తెలీక పెట్టినా వదినా. తెలిసి పెట్టను. రేపు పార్సిల్ యాడన్నా ఆగితే, పంపినోడు ఎవురంటారు. సచ్చిపోయినాయన అని చెప్తామా? విగ్రహం ఆడే పడుంటాది."

ఆ మధ్యాహ్నమే తన పొరపాటు తెల్లకాగితం మీద తన పేరుతోనే రాసి, నన్ను పన్నుల ఆఫీసుకు తీసుకుపోయింది. అక్కడి సారు ఆమెను అందరి ముందూ గట్టిగానే తిట్టాడు. "అందుకే రాసిచ్చినా సార్" అని నిలబడింది. తర్వాత నా ఆధార్‌తో కొత్త జీఎస్టీ నంబరుకు దరఖాస్తు పెట్టింది.

"వ్యాపారానికి పేరేం పెడదాం?"

"ఆయన పేరే ఉండనీ."

"పేరుంటే ఉండనీ వదినా. సంతకం నీదే."

అన్నీ కుదిరేసరికి ఇరవై రెండు రోజులు పట్టింది. మారిషస్ ఆమెకు జరిగింది జరిగినట్టు ముందే నా చేత చెప్పించింది వాణి. పార్సిల్ కదిలే నాటికి అక్కడ గృహప్రవేశం అయిపోయి వారమైంది. వినాయకుడి పటం పెట్టి పూజ చేసుకున్నారట. మే నెలాఖరుకు విగ్రహం చేరింది. పటం పక్కనే పెట్టుకున్నామని ఆమె రాసింది.