పసుపు అంటిన బిట్లు

మొన్నామధ్య మా మరిది కొత్తింటికి తలుపులు చూద్దామని అందరం కలిసి గుంటూరు వెళ్ళాం. ఇప్పుడన్నీ కంప్యూటరు మిషన్లే కదా, అద్దాల గదిలో ఒక మిషను దాని మానాన అది టేకు పలక మీద పూలూ తీగలూ చెక్కుకుంటూ పోతోంది. అక్కడి మేస్త్రీ దాన్ని ఆపి, ప్లాస్టిక్ పెట్టెలోంచి చెక్కను కోసే ఇంకో బిట్టు తీసి బిగిస్తుంటే, నాకు తెలియకుండానే మా ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. పైగా, కాడ తుడిచావా బాబూ అని అడిగేశాను కూడా. మేస్త్రీ నాకేసి వింతగా చూశాడు, మరిది నవ్వాడు, మా ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ భయం నాకు తొంభైల చివర్లో పట్టుకుంది. అప్పట్లో చిలకలూరిపేటలో హైవేకి కాస్త లోపలగా మా ఇల్లు, ఇంటి ముందున్న రేకుల షెడ్డే మా వడ్రంగం కొట్టు. చుట్టూ జిన్నింగు మిల్లులు ఉండడంతో పత్తి సీజనులో దూది గాల్లో తేలుతూ వచ్చి, పాలిష్ వేసి ఆరబెట్టిన తలుపులకు అంటుకుని, వాటికి గడ్డం నెరిసినట్లు కనిపించేది. ఆ దూదిని ఓపిగ్గా గిల్లి తీయడం నా పని. మిరపకాయలు అమ్ముడుపోయాక పల్లెల్లో ఇళ్ళు లేచేవి, ఇక మాకు ఊపిరి సలిపేది కాదు. మామగారు నేర్పినట్లు మా ఆయన మొదట్లో ఉలితోనే అంచులు తీర్చేవారు గానీ, ప్రతి తలుపుకూ నగిషీ కావాలనే మోజు జనానికి మొదలయ్యాక రూటరు మిషను కొనక తప్పలేదు. రెండు చేతులతో పట్టుకుని చెక్క మీద నడిపే మిషను అది. దాని అడుగున వేలెడంత బిట్టు బిగిస్తే, అది గిర్రున తిరుగుతూ చెక్కను కోస్తుంది. గాడికొక బిట్టు, గుండ్రటి అంచుకొక బిట్టు, మెలికల అంచుకు ఇంకొకటి. ఏ బిట్టుకైనా కోసే తల ఒకటుంటుంది, మిషనులో బిగించే నున్నటి కాడ ఒకటుంటుంది.

వాటన్నిటినీ మా ఆయన బిస్కట్ల రేకు డబ్బాలో పోసి ఉంచేవారు. ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పెచ్చులూడేవి, కావలసింది వెతకబోతే వేళ్ళు తెగేవి. ఒక చెక్కలో గుచ్చి పెట్టుకోవచ్చు కదా అని నేను పోరితే, చూద్దాంలే అనేవారు. చెక్కతోనే బతికే మనిషికి తన సామానుకు ఒక చెక్క ముక్క దొరకలేదంటే ఏమనుకోవాలో మీరే చెప్పండి.

ఇక మా అత్తగారు. మామగారు పోయాక ఆ కొట్టుకు పెద్దదిక్కు ఆవిడే. పొద్దున్నే షెడ్డు ఊడ్చి దీపం పెట్టనిదే ఎవరూ పనిముట్టు ముట్టుకోకూడదు. దసరాకు రంపాలూ ఉలులూ చిత్రికలూ కడిగి, అమ్మవారి పటం ముందు వరసగా పేర్చి, ఒక్కోదానికీ తన చేత్తోనే పసుపు కుంకుమలు పెట్టేది. ఇనుముకు నీళ్ళ పసుపు పెడితే తుప్పు పడుతుందని కాస్త నువ్వుల నూనె వేసి కలిపేది, అంత జాగ్రత్త. మిషను కొన్న ఏడాది, రేకు డబ్బాలోని బిట్లను కూడా గుడ్డ మీద పరిచింది. తలల మీద పెడితే పదును పోతుందేమోనని, నున్నటి కాడలకు నిండుగా రాసింది. అవి చూడముచ్చటగా ఉన్నాయని నేనూ అన్నాను.

పండగ వెళ్ళాక పని మొదలుపెట్టారు. పర్చూరు రైతు ఇంటి గుమ్మానికి గాడి తీస్తున్నారు మా ఆయన, నేను పక్కనే తలుపు మీది దూది ఏరుతున్నాను. ఉన్నట్టుండి మిషను చప్పుడు మారింది. బిట్టు కిందికి జారి చెక్కను లోతుగా పట్టేసింది, మిషను ఎగిరిపడింది, ఊడిన బిట్టు ఆయన ఎడమ అరచేతిని చీల్చుకుంటూ పోయి అవతల దుంగలో దిగబడింది. అది దుంగలో కాక మెడలో దిగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. రక్తం కారుతున్న చేతికి తువ్వాలు చుట్టుకుని ఆయన దుంగలోంచి బిట్టును పీకి చూశారు. కాడ మీద పసుపు జిడ్డుగా మెరుస్తోంది. నట్టు ఎంత బిగించినా ఆ నూనెకు పట్టు చిక్కలేదు. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

"అమ్మకి చెప్పమాక. తెలిసిందంటే ఇంక అన్నం ముట్టదు" అన్నారు.

ఉలి జారిందని ఆవిడకు చెప్పాం. చేతికి కుట్లు వేయించుకుని వచ్చి, గిన్నెలో కిరసనాయిలు పోసి బిట్లన్నీ అందులో నానేసి తుడిచాం. ఆ గిన్నెను పెరట్లో పెట్టి, తర్వాత నేనే పారబోశాను.

అప్పుడు కుదిరింది చెక్క ముక్క. మిగిలిన టేకు దిమ్మెకు రంధ్రాలు వేసి, ఒకదాని తల ఇంకోదానికి తగలకుండా ఎడంగా, కాడలు పూర్తిగా లోపలికి దిగేట్టు బిట్లన్నీ నిలబెట్టాం. ఏ బిట్టు ఏ అంచు తీస్తుందో తెలిసేలా, దానితో కోసిన పుల్లముక్క ఒకటి రంధ్రం పక్కనే అంటించాం. పైన మూత కూడా పెట్టాం. చూసినవాళ్ళంతా ఎంత పొందిగ్గా ఉందో అని మెచ్చుకునేవారు. అదంతా ఆవిడ చేతికి కాడలు అందకుండా చేసిన ఏర్పాటని ఎవరికి తెలుసు! మిషను మోగిన ప్రతిసారీ పొయ్యి మీద ఏదున్నా వదిలేసి నేను షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. చప్పుడు ఆగాక ఆయన చేతులు చూసి గానీ లోపలికి వెళ్ళేదాన్ని కాదు.

మళ్ళీ దసరా దగ్గరపడుతుంటే నాకు నిద్ర కరువైంది. మూత తీయమంటే ఏం చెప్పాలి? పూజ వద్దని ఏ నోటితో అనాలి? తోచిన అబద్ధమల్లా నాలో నేను చెప్పి చూసుకున్నాను, ఒక్కటీ అతకలేదు. పండగనాడు ఆవిడ ఉలులకు పెట్టింది, రంపాలకు పెట్టింది, టేకు దిమ్మె దగ్గరికి వచ్చి ఆగింది. ఆవిడ మూత తీయలేదు. మూత మీద ఒక్క బొట్టు పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"ఏదిరా, ఆ చెయ్యి ఇటివ్వు."

ఆయన ఎడమ చెయ్యి చాపారు. అరచేతిలోని మచ్చ పొడుగునా పసుపు రాసింది.

"ఉలి జారిందన్నారుగా నాతో. కిరసనాయిలు గిన్నె అడుగున పసుపు ఆ రోజే చూశాన్రా. ఏడాదినించీ మిషను మోగితే చాలు, పెరట్లోకెళ్ళి అమ్మోరికి దండం పెట్టుకుంటానే ఉన్నా" అంది.

నేను పటం వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ ఎవరం ఆ ఊసెత్తలేదు, మధ్యాహ్నం గారెలు తిని పడుకున్నాం.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది, కొట్టు కూడా మూసేశాం. ఇప్పుడు మా కోడలు, ఉప్పు ఎక్కువేస్తే మావయ్యకు బీపీ పెరుగుతుంది అత్తయ్యా అని మొహం మీదే చెప్పేస్తుంది. మొదట్లో నాకు చివుక్కుమనేది, మనం అలా పెరగలేదు కదా. పెద్దవాళ్ళ మనసు నొప్పించకుండా మాట దాచుకోవడమే మర్యాద అనుకున్న తరం మనది. కానీ ఈమధ్య ఆ ఏడాదే పదేపదే గుర్తొస్తోంది. ఒకే ఇంట్లో షెడ్డు గుమ్మంలో నేనూ, పెరట్లో ఆవిడా, ఒకరికి తెలియకుండా ఒకరం అదే మిషను చప్పుడుకు వణికాం. చెప్పుకుని ఉంటే భయం పోయేదని కాదు, పక్కపక్కన కూర్చుని భయపడేవాళ్ళం.