గడి వాకిలి ముందు మా మేనత్త

మా మేనత్త పోయింది. మొన్న బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తుంటే మా తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి, మోకాళ్ల దాకా దుమ్ము. "అన్నా, అత్తమ్మ పోయింది" అన్నాడు. నేను ఏమీ అడగకముందే ఇంకో మాట కూడా అన్నాడు. "గడిల తవ్విండ్రా, తవ్విండ్రా అని అడుక్కుంటనే పోయింది."

చదువరులకు ఆమె ఎవరో తెలియదు. తెలియాల్సిన అవసరం లేదనే మా ఊరి పెద్దలు కూడా అనుకున్నారు. అందుకే రాస్తున్నాను. ఆమె మా నాయనకు అక్క, గొర్రెలు కాసే ఇంటి కోడలు. చీకట్లో కూడా ఏ పిల్ల ఏ తల్లిదో అరుపును బట్టి చెప్పేది. మా తల దువ్వుతూ "నీది నెత్తి గాదురా, పల్లేర్ల చేను" అని నవ్వేది. నేను బడి మానేసి మంద వెంట పోతానంటే చేతిలో కర్ర లాక్కుని ఆ కర్రతోనే బడి వైపు తోలింది. "గొర్లను నేను గాస్త. నువ్వు అక్షరాలను గాయిపో" అంది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

మా ఊరి గడి, దొర ఉండే కోట లాంటి ఇల్లు, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. నాలుగు మూలలా బురుజులు, పైన మనుషులు నడవగలిగేంత మందం గోడలు, లోపలి వాకిట్లో నేలలో తవ్వి ధాన్యం దాచే పాతరలు రెండు. దొర ఇంట పండుగైతే మందకొక గొర్రెపోతును గడికి ఊరికే తోలాలి. అది వెట్టి. వెట్టి చేయొద్దనే సంఘం మాటలు ఊళ్లోకి వస్తున్న రోజుల్లో మా మామ ఒక దసరాకు పోతును తోలలేదు. గడి మనుషులు వచ్చి ఆయన్నే తోలుకుపోయారు.

అత్తమ్మ రోజూ గంజి ముంత పట్టుకుని గడికి పోయేది. కావలివాడు లోపలికి తీసుకుపోయి ఖాళీ ముంత తెచ్చి ఇచ్చేవాడు. ఒకనాడు ముంత నిండుగా తిరిగొచ్చింది. "నీ పెనిమిటిని పట్నం తోలిండ్రు, ఇగ రాకు" అన్నాడు. ఆమె నమ్మింది. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు. గొర్రెల కాపరులూ అంతేనేమో.

మరుసటి ఏడు సంఘం గడి మీదికి పోయింది. దొర పట్నం పారిపోయాడు. ఊరంతా లోపలికి పోయి ఒక పాతర తెరిచి జొన్నలు పంచుకుంది. రెండో పాతర మట్టితో నిండి ఉంది. పాతది, కూలిపోయి ఉంటుందనుకున్నారు. ఇంకా మన్ను పోసి, తొక్కి చదును చేసి, పేడతో అలికారు. ఎన్నడూ కాలు పెట్టనివ్వని వాకిలి కదా, ఆ ఏడు బతుకమ్మ అక్కడే ఆడారు. అందరికంటే గట్టిగా పాడింది మా అత్తమ్మే. దొర పోయాడు, ఇక మామ వస్తాడని కొత్త గాజులు కూడా వేసుకుంది.

తరవాత పోలీసు యాక్షన్ జరిగింది. సైన్యం వెంట దొర తిరిగొచ్చాడు. గడిలో నీళ్లు మోసే ముసలమ్మ ఒకనాడు బావి దగ్గర అత్తమ్మ చేయి పట్టుకుని ఏడ్చింది. "నీ ముంత నిండుగ తిరిగొచ్చిన్నాడే ఆ పాతర పూడిపిచ్చిండ్రు బిడ్డా. నాకు నోరు రాలే" అంది.

ఇక అత్తమ్మకు నిద్ర లేదు. "నేను ఆయన మీదనే ఆడితినేమో తమ్మీ!" అని మా నాయన భుజాలు పట్టుకుని ఊపేది. ఠాణాకు పోతే తరిమారు. సంఘం వాళ్లు కొందరు అడవిలో, కొందరు జైల్లో. ఇంకెవరిని అడగాలి?

పెత్రమాస నాడు ఊరంతా చనిపోయినవాళ్ల పేర బియ్యం ఇస్తుంది. ఆమె చేటలో బియ్యం పోసుకుని సాయంత్రం దాకా అరుగు మీద అట్లే కూర్చునేది. "ఉన్నోని పేర ఇస్తె పాపం. లేనోనికి ఇయ్యకుంటె ఆకలి. నేనేం జెయ్యాలె?" అనేది. ఆమె నుదుటి బొట్టు, మెడలో పుస్తెలు చూసి ఎగతాళి చేసినవాళ్లున్నారు. వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

చాలా ఏళ్లకు దొర గడిని అమ్మకానికి పెట్టాడు. పాత రోజులు ఇక రావని అర్థమైనట్టుంది. మంచి ధర కోసం ముందు బాగు చేయించాడు. గానుగ సున్నంతో గోడలు మెరిశాయి, తలుపులకు నూనె పట్టించారు. అత్తమ్మ ఆ పనికి కూలికి పోయింది. పాతర దగ్గర ఒక్కసారి పార వేసే వీలు దొరుకుతుందని ఆ వయసులో సున్నం తట్టలు మోసింది. దొరకలేదు. వాకిట్లో షాబాదు బండలు పరిచేనాడు ఆ జాగాలోనే కూలబడింది. ఇద్దరు రెక్కలు పట్టి అవతల కూర్చోబెట్టి బండ పరిచేశారు.

ఆ తరవాత కొనడానికి ఎవరు వచ్చినా ఆమె అక్కడే ఉండేది. "గిసుంటి గోడలు ఇయ్యాల ఎవలు గడ్తరు సేట్?" అని దొర గుమాస్తా చెబుతుంటే మధ్యలోకి పోయి కాళ్లు పట్టుకునేది. "ఇల్లు నువ్వే తీస్కో అయ్యా, సల్లగుండు. గా బండ ఒక్కటి లేపనియ్యి. బొక్కలుంటె ఏరుకపోత. లేకుంటె బండ మళ్ల నేనే పరుస్త." ఎముకల మాట వినగానే సేట్లు కారెక్కేవాళ్లు. గుమాస్తా మా ఇంటికొచ్చి "మీ ముసల్దాన్ని కట్టేసుకోండ్రి" అని బెదిరించిపోయాడు. నాయన అత్తమ్మను బతిమాలాడు.

"ఊకో అక్కా. తవ్వినంత మాత్రాన బావ లేసొస్తడా?"

"రావద్దురా. ఏడ్చెతందుకు నాకు జాగ జూపియ్యి."

చివరికి ఒక సారా గుత్తేదారు కొన్నాడు. ఆమె మాట పూర్తిగా విన్నది అతనొక్కడే. "రిజిస్ట్రీ కానియ్యి, చూద్దాం" అన్నాడు. ఆమె పారకు కొత్త కర్ర కామ వేయించుకుంది. రిజిస్ట్రీ అయిన రోజే అతను గడికి తాళం వేసి పట్నం పోయాడు. ఆమె ఎండలో ఆ తాళం ముందే కూర్చుని, జ్వరంతో ఇంటికొచ్చి, మళ్లీ లేవలేదు.

నేను చేరేసరికి ఆడవాళ్లు స్నానం చేయించి, ముత్తైదువలా సాగనంపాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డారు. "ఆయన సచ్చింది ఎవలు జూసిండ్రు?" అని మా అమ్మ ఏడుస్తూ పసుపు రాసి, బొట్టు పెట్టింది.

పాడెను దారిలో ఒకచోట దింపి, పోయినవాళ్ల చెవిలో ముమ్మారు పిలవడం మా ఆచారం. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారని ఆశ. మోసేవాళ్లు ఎవరూ చెప్పకుండానే గడి ముందు దింపారు. నాయన వంగి "అక్కా" అని మూడుసార్లు పిలిచాడు. లేచాడు. తాళం వేసిన తలుపు దగ్గరికి పోయి, నూనె వాసన వేస్తున్న ఆ చెక్కకు నోరు ఆనించి "బావా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిచి, తలుపుకు చెవి పెట్టాడు. డప్పులవాళ్లు కొట్టడం ఆపారు. ఊరంతా వింటూ నిలబడ్డాం.