ఎర్రన్న ఫిరంగికి పసుపు

కందకుర్తికి ఎగువన, మంజీర ఒడ్డు ఊళ్లో ఎర్రన్న చెరుకు బండి తోలేవాడు. బోధన్ ఫ్యాక్టరీ చెరుకు ఆడించే నెలల్లో ఎడ్ల వెంట నడక. ఏరు ఎండి ఇసుక తేలాక ఇనుప సలాక పట్టుకొని ఏట్లోకి దిగడం. ఇసుకలో పొడుస్తూ పోయేవాడు. ఖర్డా లడాయిలో మరాఠాల చేతిలో ఓడిన నిజాం సైన్యం, పారిపోతూ ఈ రేవులోనే ఫిరంగులు పోగొట్టుకుందని వాళ్ల తాత చెప్పాడు. ఖర్డా ఎక్కడ, ఈ రేవు ఎక్కడ? ఓడిన సైన్యం ఇంత దూరం దారి తప్పాలంటే దానికి వేరే ప్రతిభ ఉండాలి. కానీ తాతలు చెప్పిన చరిత్రను మనం పటం ముందు పెట్టి చూడం.

ఎర్రన్నకు కావలసింది నిధి కాదు. ఊరంతా అతన్ని "ఫిరంగి ఎర్రన్న" అని నవ్వేది. తన మాట నిజమని ఒక్కసారి తేలాలి, అంతే.

భార్య ముత్తవ్వ సరేసరి.

"ఏమయ్యా, ఇయ్యాల దొరికిందా?"

"నవ్వు, నవ్వు. దొరికిననాడు నీ నోరు మూతపడ్తది."

"నా నోరు మూసెతందుకు ఫిరంగే కావాల్నా?"

పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో ఒక సాయంత్రం సలాక ఠంగుమంది. ఇసుక తీస్తే నల్లటి, గుండ్రటి ఇనుప మూతి. మిగతాదంతా నిట్టనిలువుగా లోపలికి దిగి ఉంది. ఒక్కడి వల్ల కాదు, మర్నాడు ఎడ్లు కట్టి లాగాలి.

ఇది పసుపు పండే నేల. కొత్త నాగలి కర్రుకైనా, బండి చక్రానికి వేసే ఇనుప పట్టాకైనా పసుపు పూసి బొట్టు పెట్టందే ఎవరూ పనిలో చెయ్యి పెట్టరు. ఎర్రన్నా పెట్టలేదు. ఇంటికి పరుగెత్తి పసుపు తెచ్చి పూశాడు, బొట్టు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, మర్నాటికి ఎడ్ల జతలను మాట్లాడుకోవడానికి పోయాడు.

తెల్లారి ఎడ్లతో వచ్చేసరికి రేవు నిండా ఆడవాళ్లు. చెలమ నీళ్లకు వచ్చిన అతని వదిన దేవవ్వ ముందుగా చూసిందట. పసుపూ బొట్టుతో ఇసుకలోంచి తల ఎత్తినదాన్ని ఇక్కడ ఏమనుకుంటారో వేరే చెప్పాలా? అప్పటికే వేపమండలు కట్టారు, బెల్లం నీళ్లు తల్లికి సాకగా పోశారు, ఒక కోడిపుంజు పని కూడా అయిపోయింది.

"వదినా, అది ఫిరంగి! పసుపు నేనే రాసిన!"

"నీతోని రాయించుకున్నది తల్లి," అంది దేవవ్వ.

"అరే, కొబ్బరికాయ గూడ నేనే కొట్టిన!"

"సూసిండ్రా? మొదటి కాయ మా మరిదిదే!"

ఎడ్లు తెచ్చినవాళ్లు ఎడ్లను విప్పి దండం పెట్టుకున్నారు. అది ఫిరంగో, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన పాత పైపో తేలాలంటే తవ్వాలి. తల్లిని తవ్వేదెవరు?

కొన్నాళ్లకు నిజామాబాద్ నుంచి, పాత ఇనుము కొనే రాజారాం లారీ వేసుకొని, గొలుసులతో సహా రేవులో దిగాడు.

"ఫిరంగి దొరికిందట గదన్నా. ఏడున్నది? ఇయ్యాలనే పీకుదం, రేపు కొలిమిల ఏసుడే."

అన్నేళ్లలో ఎర్రన్న మాట నమ్మి వచ్చిన మొదటి మనిషి. సరేనంటే చాలు, గొట్టం బయటికొస్తుంది, ఊరు కళ్లారా చూస్తుంది. మర్నాటికి కరిగిపోతుంది. ముత్తవ్వ పక్కనే నిలబడి అతని మొహమే చూస్తోంది.

"ఫిరంగా? ఎవడన్నడు?" అన్నాడు ఎర్రన్న. "గది మా గంగమ్మ తల్లి. ముందుగాల చెప్పులిడువు."

రాజారాం గతుక్కుమని చెప్పులు విడిచాడు. డ్రైవర్ను ఉరికించి కొబ్బరికాయ తెప్పించాడు. ఎర్రన్నే కాయ కొట్టి, ఒక చిప్ప అతని చేతిలో పెట్టి, లారీ ఊరు దాటేదాకా చూసి రేవుకు తిరిగొచ్చాడు.

"ఫిరంగి గాదా మరి?" అంది ముత్తవ్వ.

"ఫిరంగే."

"మరి తల్లంటివి?"

"తల్లంటేనే ఉంటది. ఫిరంగంటే పాయె."

ముత్తవ్వ రెండో చిప్పను రాయి మీద కొట్టి ముక్కలు చేసింది. ఇద్దరూ అక్కడే ఇసుకలో కూర్చొని తిన్నారు.