కుర్చీ ఏ రాష్ట్రంలో ఉంది

హేమలతది రెండు సర్కార్ల ఊరు. మహారాష్ట్రలోని గడ్‌చాందూర్ దాటి గుట్టలెక్కితే వచ్చే ఆ పల్లె మాదంటే మాదని అటు ఆంధ్రా, ఇటు మహారాష్ట్ర ఏళ్ల తరబడి కొట్లాడుకుంటున్నాయి. ఊరివాళ్లకు మాత్రం ఆ కొట్లాట తేలకపోవడమే మేలు. ఇంటికి రెండు రేషన్ కార్డులు, ఊరికి రెండు బడులు, ఇద్దరు సర్పంచులు. పన్ను అడగడానికి ఇటు సాహెబు వస్తే "మేం అటోళ్లం సార్" అనడం, అటు సారు వస్తే "మేం ఇటోళ్లం" అనడం అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. వాళ్లను తప్పుపట్టకండి. ఇద్దరు తల్లులున్న బిడ్డ ఎవరి చేతిలో లడ్డూ ఉంటే వాళ్ల దగ్గరికే ఉరుకుతాడు మరి.

అలాంటి ఊళ్లో పుట్టిన హేమలత గడ్‌చాందూర్ బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ దుకాణం పెట్టింది. రెండువేల ఐదో ఆరో, ఫోను బూత్‌లు ఒక్కటొక్కటే మూతపడుతున్న రోజులు. ఆడమనిషి నెట్ దుకాణం నడపడమేమిటని బజారంతా ముక్కున వేలేసుకుంది. భర్త సిమెంటు లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, ఇంటిపట్టున ఉన్నది తక్కువ. నాలుగు కంప్యూటర్లు, పైన కరెంటు పోతే ఆగిపోయే ఒక ఫ్యాను, బయట తన పేరుతో బోర్డు. పుట్టింటివాళ్లు ఇచ్చిందీ కాదు, అత్తింటివాళ్లు పెట్టిందీ కాదు. అది పోతే తనకంటూ ఇంకేమీ లేదని ఆమెకు తెలుసు. అందుకే దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది.

తమ్ముడు దత్తు సాయంత్రాలు అక్కడే ఉండేవాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాడు. పత్తాలాటలో, అదే పేకాటలో, మాత్రం చెయ్యి తిరిగినవాడు. నెట్‌లో పోకర్ అనే ఆట దొరికాక వాడికి రెక్కలొచ్చాయి. ముఖం తెలియని దేశదేశాల వాళ్లు వాడి చేతిలో ఓడిపోతుంటే, ఫ్యాక్టరీ కుర్రాళ్లు వెనక గుంపుగా నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. దత్తు ముఖంలో ఆ వెలుగు హేమలత చాన్నాళ్లకు చూసింది. చూసి మురిసింది కూడా. దుకాణం కిటకిటలాడుతుంటే ఎవరికి చేదు?

అంతలో అదే జిల్లాలోని వరోరాలో ఎవరిదో వీడియో గేముల దుకాణానికి జూదం కేసని పోలీసులు తాళం వేశారన్న కబురు వచ్చింది. హేమలత వెంటనే దత్తును పక్కకు పిలిచింది.

"ఏందిరా తమ్మీ, రేపు మన మీద పడితే?" అని అడిగింది.

"మనకేం గాదక్కా. గా సైట్ల నేను మహారాష్ట్ర అని రాసిన్నా ఏంది? ఆంధ్రా అని రాసిన. పెద్దనాయిన ఇంటి ఆంధ్రా కార్డు మీది అడ్రసిచ్చిన. అటుదిక్కు పత్తాలాట తెలివి ఆటని కోర్టే జెప్పింది. క్లబ్బులల్ల ఖుల్లా ఆడుతరు."

ఇంకొకరైతే నవ్వేవారు. హేమలత నవ్వలేదు. వాళ్ల ఊళ్లో అలాగే బతికారు మరి. కార్డు మారిస్తే రాష్ట్రం మారుతుందని ఆమెకూ సగం నమ్మకమే. మిగతా సగం నిద్రపోనివ్వక, రాజూరా వెళ్లి వకీలు బాపురావును కలిసింది. ఆయనది కూడా తెలుగిల్లే.

బాపురావు అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మీ తమ్ముడు కార్డు సంగతి జెప్తుండు. చట్టం కార్డు జూడది బిడ్డా, కుర్చీ జూస్తది. వాడు కూసునే కుర్చీ ఏ రాష్ట్రంల ఉంది?"

"గడ్‌చాందూర్ల సార్."

"అయిపాయె. మన చట్టం ఇంగ్లీషోళ్ల నాటిది. దానికి కంప్యూటరంటే తెల్వది. గని ఆడినోనితోని పాటు జాగిచ్చి ఆడనిచ్చినోళ్లను గూడ పట్టాలెనని దానికి బాగ తెల్సు."

"మరి తెలివి ఆటంటున్నరు గద వకీల్ సాబ్?"

"రమ్మీ సంగతి పెద్ద కోర్టు ఎన్నడో జెప్పింది. గీ పోకరు అటు తేలలే, ఇటు తేలలే. గది తేల్చే కేసు నీ పేరు మీదనే నడవాల్నా?"

తిరుగు బస్సులో ఆ మాటే చెవుల్లో గింగురుమంది. దిగీ దిగగానే దుకాణానికి వచ్చి, గుంపు ముందే దత్తుకు చెప్పేసింది, ఇకమీదట అక్కడ పోకర్ బంద్ అని.

"అట్లయితే దుకాణం మన ఊరికే మార్చు. ఆడ ఏ రాష్ట్రమో ఎవ్వనికి తెల్వది," అన్నాడు దత్తు.

"పిచ్చోడా, రెండు రేషన్లొచ్చే ఊరికి రెండు పోలీసు జీపులు రావా?"

గుంపు గొల్లున నవ్వింది. దత్తుకు తల కొట్టేసినట్టయింది. "జిందగిల నాకు వచ్చింది గీ ఒక్క ఆటనే అక్కా. గది గూడ నీ కండ్లల్ల మండింది," అని విసురుగా లేచిపోయాడు. వాడి వెంట గుంపూ పోయింది.

దుకాణం బోసిపోయింది. ఫోటోలు పంపుకునే ఒకరిద్దరు తప్ప గడప తొక్కేవారు లేరు. హేమలతకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. దుకాణం పోతుందన్న భయం ఒకవైపు, తమ్ముడి మనసు విరిచానన్న బాధ ఇంకోవైపు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం దత్తు తల వంచుకుని వచ్చాడు. "మెయిల్ జూస్కుంట అక్కా," అన్నాడు. వచ్చాడు, అదే పదివేలనుకుని ఆమె టీ తేవడానికి బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వాడి వెనక మళ్లీ గుంపు, తెరమీద మళ్లీ పత్తాలు. ఆమె నోరు తెరిచేలోపే గడపలో హవల్దారు సీతారాం నిలబడి ఉన్నాడు. ఎవరో చెప్పినట్టున్నారు. గుంపు పిట్టల్లా ఎగిరిపోయింది.

సీతారాం పంచనామా రాయాలని కూర్చున్నాడు గానీ చిక్కులో పడ్డాడు. జూదం కేసంటే పత్తాలు, పరిచిన చాప, నడుమ పైసలు జప్తు చేయాలి. ఇక్కడ అవేవీ లేవు. బుర్ర గోక్కుని, చివరికి మరాఠీలో "ఈ కంప్యూటరు పెట్టెలు నాలుగూ జీపులో ఎక్కించండి," అన్నాడు.

ఆ నాలుగూ పోతే హేమలతకు మిగిలేది బోర్డు ఒక్కటే. దత్తు చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లడం ఆమె చూసింది. ఆ జేబులో ఆంధ్రా కార్డు ఉంటుందని ఆమెకు తెలుసు. వద్దురా తమ్మీ అని కళ్లతోనే బతిమాలింది.

దత్తు చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. వాడు లేచి నిలబడి, తనకొచ్చిన మరాఠీలో సాఫ్‌గా చెప్పాడు: "సాహెబ్, పెట్టెలది తప్పు కాదు. మా అక్క వద్దని చెప్పింది. మెయిలని అబద్ధం చెప్పి నేనే కూర్చున్నాను. నన్ను తీసుకుపోండి."

సీతారాం వాడిని ఎగాదిగా చూశాడు. తర్వాత పెట్టెలు వదిలేసి, వాడిని జీపెక్కించుకుని పోయాడు.

పొద్దుగూకే వేళకు హేమలత టిఫిన్ డబ్బా పట్టుకుని ఠాణాకు వెళ్లింది. దత్తు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గట్టిగా బెదిరించి వదిలేస్తున్నామని సీతారాం చెప్పి, నవ్వాపుకుంటూ ఇంకో మాట అన్నాడు.

"బాయీ, మీవాణ్ణి ఊరు, రాష్ట్రం చెప్పమని అడిగాను. ఊరంటే, బస్టాండు ఎదురుగా మా అక్క దుకాణం అన్నాడు. రాష్ట్రమేదిరా అంటే చాలాసేపు ఆలోచించి, ఆ దుకాణం ఎక్కడుంటే నాదీ అదే అన్నాడు."

హేమలత దత్తు వైపు చూసింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు. తిట్టాలని దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కనబెట్టింది. డబ్బా మూత తీసి వాడి ముందు పెట్టింది.

"తిను, చల్లారుతది. రేపు పదో తరగతి రిజల్టులు నెట్‌ల పెడ్తరట. పొద్దుగాల్నే లైను గడ్తరు, నా ఒక్కదానితోని గాదు. నువ్వు జెల్ది వచ్చి దుకాణం దెరువు."